కుంటలో దిగని విషం

మంత్రాలయం పోయే దోవలో ట్రాక్టరు కట్ట మీంచి ఒరిగిపోయి, పురుగుమందు డ్రమ్ము కుంటలో పగిలింది. ఆ వారమే ఆ నీళ్లు తాగి ఊరి గొర్రెలు చచ్చాయి. కర్నూలు నుంచి తనూజ అనే పరిశోధక విద్యార్థిని వచ్చింది. ఎండకు విషం ఎంత విరుగుతుందో, ఎంత ఇంకుతుందో కంప్యూటర్లో లెక్కగట్టి, దీపావళికల్లా గొర్రెలు కుంట నీళ్లు తాగొచ్చంది.

దీపావళి వచ్చింది, పోయింది. విషం సగం దిగి, అక్కడే మొండికేసింది.

"నా లెక్క ప్రకారం ఇంత ఉండకూడదు. ఎవరో ఇంకా కలుపుతున్నారు," అంది తనూజ, టీ అంగడి ముందు అందరూ వినేలా.

అంతే! ఊరి కళ్లన్నీ నాగన్న మీద పడ్డాయి. కుంటను ఆనుకుని ఉన్నది అతని మిరపచేనొక్కటే మరి.

"ఏమప్పా నాగన్నా, మందు క్యాన్లు యాడ కడుగుతాండావు?" గొర్రెల పరమేష్ నలుగురిలో నిలదీశాడు.

నాగన్న నోరు తెరిచేలోపే భార్య గిడ్డమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. "నా మొగుడు ఆ నీళ్లల్లో చెయ్యి గూడా కడగలేదు. నోటికొచ్చినట్ల మాట్లాడొద్దు!"

నాగన్న గుండె నిండిపోయింది. కానీ పాడు అనుమానం, పట్టుకుంటే వదులుతుందా? తాను కలపలేదు. మరి ఎవరు? గిడ్డమ్మ మందు కొట్టే కూలికి పోతుంది కదా, తిరిగొచ్చేది కుంట దోవనే కదా? అంత గట్టిగా ఎందుకరిచింది? ఛీ, ఇదేం బుద్ధి అని తన్ను తానే తిట్టుకున్నాడు. అయినా ఒక పొద్దున దండెం మీది ఆమె కోక తీసి వాసన చూశాడు. తిరిగి చూస్తే వెనకాలే గిడ్డమ్మ.

"నువ్వేమన్నా క్యాన్లు ఆడ కడుగుతాండావా?" అడగనే అడిగేశాడు.

ఆమె కోక లాక్కుంది. సద్ది కట్టుకుని కూలికి పోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో మాటల్లేవు.

కొన్నాళ్లకు తనూజ మళ్లీ వచ్చింది. అడుగు బురద తీసి పరీక్ష చేయించిందట.

"తప్పు నాదే. బురదను లెక్కలో వేసుకోలేదు. మొదట్లో అది మందును పీల్చుకుంది, ఇప్పుడు మెల్లగా నీళ్లలోకి వదులుతోంది. ఎవరూ ఏమీ కలపలేదు."

పరమేష్ వచ్చి నాగన్న చేతులు పట్టుకున్నాడు. నాగన్నకు ప్రాణం లేచొచ్చింది, ఒక్క ఊపున ఇల్లు చేరాడు.

"విన్యావా? ఎవురూ కలపలేదంట! అంతా బురద చేసిన పని!"

గిడ్డమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"ఊరంతా నిన్ను అనుమానిచ్చినప్పుడు నీ పక్క నేనుంటి. నువ్వు నన్ను అనుమానిచ్చినప్పుడు నా పక్క ఎవురుండిరి?"