బిరడా లేస్తున్న సీసా

ఆ విహారనౌకలో ప్రయాణికులు వెంట తెచ్చుకునే మద్యాన్ని గురించిన నియమం టికెట్టు వెనుక అతి చిన్న అక్షరాలలో ఉండేది. అందువల్ల దాన్ని ఎవరూ చదివేవారు కారు. మనిషికి ఒక్క వైన్ సీసా, అదీ దుకాణపు సీలు చెక్కుచెదరనిది, గదికి తీసుకుపోవచ్చు. మిగిలినదేదైనా మూడో అంతస్తులోని సీసాల గదిలో అప్పగించి, దిగే రోజు ఉదయం తిరిగి తీసుకోవాలి. ఆ గదికి పదకొండేళ్లుగా గుమాస్తాగా ఉన్న మనిషి ఈ సంగతిని రోజుకు రెండు మూడు వందల మందికి చెప్పేవాడు. విసుగు బయటపడకుండా చెప్పడమే అతనికి మిగిలిన విద్య.

గదికి మూడు వైపులా చెక్క అరలు. ఓడ ఊగినప్పుడు సీసాలు దొర్లిపోకుండా ప్రతి అరకూ ఇనుప కమ్మీ అడ్డం. నాలుగో వైపు సగం తలుపు, దాని మీద ఒక పలక, అదే కౌంటరు. గోడ అవతల బట్టలుతికే విభాగం ఉండడంతో గదిలో ఎప్పుడూ ఉక్కపోత. వచ్చిన ప్రతి సీసానూ వల సంచిలో పెట్టి, సంచి మూతికి అంకె వేసిన ప్లాస్టిక్ సీలు బిగించాలి. ఆ సీలు ఒకసారి తెగితే మళ్లీ అతకదు. తెగిన సీలుకు జవాబు చెప్పవలసినవాడు గుమాస్తా.

ఈ ప్రయాణం అతనికి ఆఖరిది కావలసి ఉంది. సొంత ఊరి రేవులో కంపెనీ గిడ్డంగిలో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. ఇంటినుంచి నడిచి వెళ్లగలిగేంత దూరం. ఈ ఏడు రోజులూ ఒక్క మచ్చ లేకుండా గడిస్తే అతని పేరే పంపుతానని పైఅధికారి మాటిచ్చాడు. ఆ అధికారిని సిబ్బంది చాటుగా రూల్సుగారు అనేవారు. ఆయనకు ఆ సంగతి తెలుసు. పెద్దగా బాధపడినట్టూ లేడు.

ఓడ కదిలే ముందు భార్య ఫోన్ చేసింది.

“ఈసారైనా వస్తున్నట్టేనా?”

“ఏడు రోజులు.”

“పోయినసారీ ఏడు రోజులే అన్నారు. అవి రెండేళ్లయ్యాయి.”

“ఈసారి ఖాయం.”

“సరే అయితే. మంచంలో మీ సగం ఖాళీ చెయ్యాలి. ఇస్త్రీ బట్టలన్నీ అక్కడే పెట్టుకోవడం అలవాటైపోయింది.”

వరుసలో చివరగా వచ్చిన మనిషికి అరవై దాటి ఉంటాయి. వేళ్ల చివరలు జిగురుతో గట్టిపడి, గోళ్ల అంచులు పసుపుబారి ఉన్నాయి. ముప్పై ఆరేళ్లు పుస్తకాలకు బైండింగ్ చేశానని అడక్కుండానే చెప్పింది. అప్పటినుంచి గుమాస్తా మనసులో ఆవిడ బైండరమ్మ అయింది. ఆవిడ సంచిలోంచి తీసిన సీసాకు బైండింగ్ గుడ్డతోనే కుట్టిన తొడుగు ఉంది. మూతికి ఎర్రటి లక్క పోసి ఉంది.

“ఇదేంటమ్మా, లేబులు లేదు?”

“ఇంట్లో నేనే చేశాను బాబూ. నాకు నేనే లేబులు అంటించుకోవాలా?”

“ఇంట్లో చేసింది అసలు ఓడెక్కనివ్వకూడదే. గేటు దగ్గర ఏమన్నారు?”

“పారబోస్తామన్నారు. దాంతోపాటు నన్నూ పారబొయ్యమన్నాను. వెనకాల జనం గోల పెడుతున్నారని నీ దగ్గరికి తోలేశారు.” ఆవిడ చేతిసంచిని తట్టి చూపించింది. “ఇందులో జానెడు దబ్బనం ఉంది. దాన్ని వదిలేసి సీసాని పట్టుకున్నారు. ఇంత తెలివైనవాళ్లని ఎక్కడా చూళ్లేదు.”

గేటు తనిఖీదారు ఓపిక లేక తప్పించుకున్న పనిని తన నెత్తిన వేశాడని గుమాస్తాకు అర్థమైంది. పారబోయించాలన్నా వాదించాలి; వాదించే ఓపిక తనకూ లేదు. సంచిలో పెట్టి సీలు బిగించాడు.

మర్నాడు పది గంటలకు ఆవిడ కౌంటరు దగ్గరికి వచ్చింది. “ఎలా ఉంది?” అని అడిగింది, ఆసుపత్రిలో పడుకోబెట్టిన మనిషి గురించి అడిగినట్టుగా.

“సీసా ఎలా ఉంటుందమ్మా? సీసాలాగే ఉంది.”

“గది ఇంత ఉక్కగా ఉందేంటి?”

“పక్కన బట్టలుతుకుతారు.”

ఆవిడ ముఖంలో ఏదో మారింది. మూడో రోజు వచ్చినప్పుడు సీసాను వలలోంచైనా చూపించమంది. అతను తెచ్చి పలక మీద పెట్టాడు. లక్క రెండు చోట్ల పగిలింది. దాని కింది బిరడా గోరంత పైకి లేచింది.

“అనుకున్నంతా అయింది,” అంది బైండరమ్మ. అక్కడున్న స్టూలు మీద కూలబడింది. “ఇది ఇంకా పులుస్తోంది బాబూ. వేడికి మళ్లీ లేచింది.”

అప్పుడు చెప్పింది. వాళ్ల నాన్న పెరట్లో ఒక ద్రాక్షతీగ ఉండేది. ఆయన ఏటా వైన్ చేసేవాడు. జాడీలోది పులియడం ఆగిందో లేదో తెలుసుకోవడానికి ఆయనకున్న పద్ధతి ఒకటే: తెల్లవారగానే జాడీకి చెవి ఆనించి వినడం. వరసగా మూడు ఉదయాలు చప్పుడు లేకపోతేనే సీసాలోకి ఎత్తేవాడు. ఆయన పోయాక తీగ కొట్టేసి స్థలం అమ్మేద్దామన్నాడు అన్నయ్య, వద్దంది చెల్లెలైన ఈవిడ. మాట మాట పెరిగింది. స్థలం అమ్ముడుపోయింది, తీగ పోయింది, ఇద్దరి మధ్య మాటలు కూడా పోయాయి. తొమ్మిదేళ్లయింది. కొట్టేసే ముందురోజు ఆవిడ ఒక కొమ్మ తుంచి తెచ్చి బాల్కనీలో పాత డ్రమ్ములో నాటింది. తొమ్మిదేళ్లకు, ఈ ఏడాది, ఒక్క సీసాకు సరిపడా కాసింది.

“అన్నయ్యకి కబురు పెట్టాను. ‘ఓడ ఆఖర్న ఆగే రేవుకి వస్తాను, తర్వాత సంగతి చూద్దాం’ అన్నాడు. మా వాడు అంతకంటే ఎక్కువ మాట్లాడితే జ్వరమొచ్చిందనుకోవాలి. కాయ ఆలస్యంగా పండింది. టికెట్టు తారీఖు ముంచుకొచ్చింది. మూడు ఉదయాలు వినాల్సింది, ఒక్క ఉదయం విని ఎత్తేశాను. ముప్పై ఆరేళ్లు జిగురు ఆరకుండా ఒక్క పుస్తకం ఇవ్వలేదు. ఇక్కడ తొందరపడ్డాను, చూడు.”

“ఇప్పుడేం చెయ్యాలి?”

“రోజుకోసారి బిరడా సడలించి గాలి తియ్యాలి. లేకపోతే బిరడా అయినా ఎగురుతుంది, సీసా అయినా పగులుతుంది. దిగేటప్పుడు చేతులూపుకుంటూ వాడి ముందుకెళ్లి ఏం మాట్లాడను?”

సీలు తెంపడానికి వీల్లేదని గుమాస్తా చెప్పాడు. ఆవిడ వాదించలేదు. వాదిస్తే అతనికి తేలికగా ఉండేది.

ఆ మధ్యాహ్నం అతను రూల్సుగారి గదికి వెళ్లాడు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, కళ్లు మూసుకుని విన్నాడు.

“సీలు తెంపకూడదు.”

“తెంపకపోతే పేలుతుందండీ.”

“పేలకూడదు.”

“ఆ మాట సీసాకి ఎవరు చెప్తారండీ?”

“నువ్వే. నీ గదిలోనే ఉందిగా.” ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. “ప్రమాదకరమైన వస్తువని దీంట్లో రాసి సంతకం పెట్టు. అది నా చేతికి రాగానే పారబోయిస్తాను. నీకు మచ్చ రాదు. ఇంట్లో చేసిన సరుకు, ఎక్కడమే తప్పు. ఆవిడ నోరెత్తడానికి లేదు. గిడ్డంగి కాగితాలు ఈ వారమే పంపాలి నేను. అర్థమైందా?”

అర్థం కానిదేమీ లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగో రోజు ఉదయానికి బిరడా బొటనవేలి కణుపంత లేచింది. అదే అరలో నూట ఎనభై సీసాలున్నాయి. గుమాస్తా దాన్ని విడిగా నేల మీద, తువ్వాలు చుట్టి పెట్టాడు. పది గంటలకు బైండరమ్మ రాగానే కాగితం తీసి పలక మీద పరిచాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు, గిడ్డంగి ఉద్యోగం, ఇంట్లో ఎదురుచూస్తున్న భార్య సంగతితో సహా.

ఆవిడ కాగితాన్ని చదవకుండా అంచు మాత్రం వేలితో తడిమింది. పనివాళ్ల అలవాటు.

“సంతకం పెట్టు బాబూ.”

“అమ్మా...”

“నీ భార్య ఎన్నేళ్లుగా చూస్తోంది? నాది ఒక్క సీసా. పెట్టెయ్. తప్పు నాది, నీది కాదు, ఆ సీసాదీ కాదు.”

అతను కలం తీశాడు. తర్వాత చాలా రోజులు, ఆ క్షణంలో తాను ఏమాలోచించాడో గుర్తు తెచ్చుకోబోయి ఓడిపోయాడు. దయ అనుకోవడానికి సిగ్గేసింది. ఆవిడ గట్టిగా బతిమాలి ఉంటే సంతకం చేసేసేవాడేమో. ఒప్పేసుకున్న ఆ గొంతులోని అలసటే అతన్ని ఆపింది. పదకొండేళ్లుగా ఇంటినుంచి ఫోన్లో తాను వింటూ వచ్చిన ‘సరే’లన్నీ అదే గొంతుతో ఉన్నాయి. కలం పక్కన పెట్టి, కత్తెర తీసి, సీలు తెంపాడు.

“లోపలికి రండి. త్వరగా.”

ఆవిడ దబ్బనంతో లక్క పెళ్లలు ఊడదీసింది. బిరడాను బొటనవేలితో అదిమిపట్టి, వేలి కింద మెల్లగా తిప్పింది. ఉస్సుమని సన్నటి చప్పుడు. ఇస్త్రీ ఆవిరి వాసనల మధ్య ఒక్కసారి పచ్చి ద్రాక్ష వాసన తేలింది. బైండింగ్ దారంతో బిరడాకు నాలుగు ముళ్లు వేసి, ఆవిడ చెయ్యి తుడుచుకుంది.

“గట్టి ఘటమే. నాన్న చేసినవాటికింత పొగరుండేది కాదు.”

ఆ తర్వాత రెండు ఉదయాలూ అదే పని జరిగింది.

ఏడో రోజు దిగే వరుసలో ఆవిడ ముందే వచ్చింది. సీసాను తొడుగులో పెట్టుకుంటూ అడిగింది:

“నీకేం ఇబ్బంది రాదు కదా?”

“రాదమ్మా. వెళ్లిరండి.”

గంట తర్వాత రూల్సుగారు తెగిన సీళ్ల డబ్బా తిరగేశాడు. ఒకదాని మీద రాసి ఉన్న, తెంపిన తేదీ చూసి ఆగాడు.

“ఇదెవరు తెంపారు?”

“నేనేనండీ. నాలుగో రోజు.”

“నేనిచ్చిన కాగితం?”

“ఉందండీ. ఖాళీగానే ఉంది.”

ఆయన కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “ఒక్క సంతకం, మహానుభావా. ఒక్క సంతకంతో పోయేది. ఇప్పుడు గిడ్డంగికి ఇంకొకరి పేరు పంపాలి నేను.”

“పంపండి.”

ఆయన వెళ్లాక గుమాస్తా భార్యకు ఫోన్ చేశాడు. సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాడు.

“మళ్లీ ఎప్పుడు ఖాళీ వస్తుంది?”

“ఏడాదికి గాని రాదు.”



“సీసా పగల్లేదుగా?”

“లేదు.”

“వాళ్లన్నయ్య వచ్చాడా?”

“తెలీదు. గదిలోనే ఉన్నాను.”

“బాగుంది! మన ఏడాది తీసుకెళ్లి అందులో పోశారు, వచ్చాడో లేదో చూడనైనా లేదా?”

“ఇప్పుడు...”

“ఇప్పుడే వెళ్లండి. నేను లైన్లోనే ఉంటా.”

అతను సగం తలుపు మూసి, ఫోన్ చెవిదగ్గర పెట్టుకునే నాలుగు అంతస్తులు ఎక్కాడు. రేవు దాదాపు ఖాళీ అయింది. టాక్సీలు వెళ్లిపోయాయి. సామాను బళ్లు ఒక పక్కకు తోసి ఉన్నాయి. గోడవారగా ఉన్న సిమెంటు బల్ల మీద బైండరమ్మ ఓ చివర కూర్చుంది. రెండో చివర ఒక పెద్దమనిషి, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని.

“కనిపించారా?”

“ఆ. వచ్చాడు.”

“ఏం చేస్తున్నారు?”

“కూర్చున్నారు.”

“మాట్లాడుకుంటున్నారా?”

“లేదు.”

“సీసా ఏదీ?”

“ఇద్దరి మధ్యా ఉంది.”

భార్య నిట్టూర్చిన చప్పుడు వినిపించింది.

“సరే. ఇంకాసేపు చూడండి,” అంది.