నేల మోపని కాలు

బర్రె మెడతాడును ఎడమ చేతికి రెండు చుట్లు చుట్టుకుని, కుడిచేత్తో దాని దవడ కింద మెల్లగా గోకుతూ, కురుమయ్య డాక్టరమ్మ వైపు చూసి తలూపాడు. సూది దిగింది. బర్రె ఒక్కసారి తోలు జలదరించి ఊరుకుంది.

“ఏం మంత్రమేసినవ్ తాతా? నన్నైతే కుమ్మనీకి వస్తది,” అన్నాడు దాని ఆసామి మహేందర్.

“మంత్రం లేదు, మన్ను లేదు. నువ్వు భయపడుతున్నవని దానికి ఎర్కైంది. గంతే.”

పెబ్బేరు దగ్గరి ఆ పశువుల దవాఖానలో ముప్పై నాలుగేళ్లుగా కురుమయ్య చేస్తున్నది ఇదే. కాగితాల మీద అటెండరు, పనిలో మాత్రం పట్టుకునేవాడు. సూది ఎవరు వేసినా, కుట్లు ఎవరు వేసినా, పశువు బెదరకుండా నిలబడటం ఆయన పూచీ. తొమ్మిది మంది డాక్టర్లు వచ్చారు, పోయారు. ఆయన్ను ఎవరూ తిట్టలేదు, ప్రత్యేకంగా ఎవరూ మెచ్చుకోనూ లేదు. తలుపుకు గడియ ఉన్నట్టు ఉన్నాడు. బక్కపలచటి మనిషి. కోడె కొమ్ము తగిలి వంకరపోయిన బొటనవేలు, తాళ్లు ఒరుసుకుని కాయలు కాసిన అరచేతులు. ఎంత సబ్బు రుద్దినా ఆ చేతులకు పశువుల వాసన పోదని భార్య బాలమ్మ పెళ్లయిన నాటినుంచీ సణుగుతూనే ఉంది. ఆ సణుగుడు ఆగలేదు, ఈ వాసనా పోలేదు.

పన్నెండు దాటితే దవాఖానకు ఈగ కూడా రాదు. అప్పుడు డాక్టర్ మాలతి తన పాత ట్యాబ్ తీసి బల్ల మీద పెడుతుంది. నాగర్‌కర్నూల్ అమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఎక్కడో ఆఫ్రికాలో, ఏడాది పొడుగునా వాన కురిసే ఒక అడవిలో, శాస్త్రవేత్తలు చెట్లకు కెమెరాలు కట్టారు. ఎదురుగా ఏ జీవి కదిలినా అవే ఫొటో తీసుకుంటాయి. అట్లా లక్షల ఫొటోలు పోగయ్యాయి. ఏది ఏ జంతువో చూసి చెప్పడం తమ వల్ల కాక, లోకంలో ఓపికున్న వాళ్లందరినీ సాయం అడిగారు. మాలతి సరదాగా మొదలుపెట్టింది. కురుమయ్య వెనక నిలబడి చూసి చూసి, చివరికి కుర్చీయే లాగేసుకున్నాడు. ఇంగ్లీషు రాకపోతేనేం, ఏ జంతువుకు ఆ జంతువు బొమ్మ ఉంటుంది, దాని మీద వేలు పెట్టడమే.

అయితే ఆయన తీరిక చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది! మాలతి పది ఫొటోలు చూసేలోగా ఆయనవి ఒకటి. ఏ జంతువూ లేదని చెప్పే గడి మీద వేలు పెట్టడానికి ఆయనకు ప్రాణం ఒప్పదు.

“ఆకులు తప్ప ఏముంది కురుమన్నా?”

“జర ఆగమ్మా. ఆ ఆకులల్ల ఒకటి ఆకు కాదు, చెవు.”

చూస్తే నిజంగానే చెవి.

ఎనిమిది రోజుల కిందట ఒక చిన్న జింక కనిపించింది. మేకపిల్లంత ఉంది. వరసగా మూడు ఫొటోలు. మాలతి దాని పేరు మీద వేలు పెట్టబోతే కురుమయ్య ఆపాడు.

“ఇది ఎడమ ముందుకాలు మోపుతలేదమ్మా.”

“నడుస్తున్నది కదా, ఎత్తింది కావచ్చు.”

“మూడిట్లనూ ఎత్తే ఉంది. మెడ చూడు, బరువంత కుడిదిక్కు ఏసింది.” వేళ్లతో ఫొటోను పెద్దది చేశాడు. గిట్టకు పైన సన్నటి మెరుపు. “ఉచ్చు. తీగది. గుంజుకున్న కొద్దీ బిగుస్తది, ఊకున్నా సడలదు.”

“నీకెట్ల తెలుసు?”

“పశువుల కాడ ఉన్నోనికి తెల్వదా,” అన్నాడు కురుమయ్య, ముఖం తిప్పుకుని.

అబద్ధం. శ్రీరంగాపూర్ దారిలో తనకున్న ఎకరం వేరుశనగ చేను చుట్టూ, అడవిపందుల కోసం, మోటారు సైకిల్ క్లచ్ తీగలతో ఏడు ఉచ్చులు ఆయనే పన్నాడు. పగలంతా జీవాలను నొప్పి తెలియకుండా పట్టుకున్న చేతులే, గట్టు మీద కూర్చుని ఆ తీగలకు రెండేసి మెలికలు వేశాయి. పందులు ఒక్కసారి పడ్డాయంటే చేనంతా దున్నినట్టవుతుంది. ఊళ్లో అందరూ చేసేదే. తప్పని ఆయనకెన్నడూ తోచలేదు. ఆ ఫొటో చూశాక తోచింది. చెప్పుకోవడానికి నోరు రాలేదు. ఆ జింకను ఎట్లాగైనా విడిపించమని మాలతి చేత ఆ శాస్త్రవేత్తలకు రాయించాడు. ఎవరో ఒకరు పోయి ఆ తీగ కోస్తే, తన పాపం కూడా కొంత కోసుకుపోతుందని ఆశపడ్డాడు. అప్పటినుంచి రోజూ ఒకటే ప్రశ్న, జవాబొచ్చిందా అని.

ఈరోజు వచ్చింది. మాలతి చదువుకుని ట్యాబ్‌ను బల్ల మీద బోర్లా పెట్టింది.

“చెప్పమ్మా. పోయిండ్రా?”

“కురుమన్నా, ఆ ఫొటోలు ఇప్పటివి కావంట. కెమెరాలల్లకెళ్లి తీసి మనదాక వచ్చేసరికి రెండేండ్లయిందంట.”

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఎనిమిది రోజులుగా ఆయన అన్నం తింటున్నా, చాయ్ తాగుతున్నా, ఆ జీవి అక్కడ కాలెత్తుకుని నిలబడే ఉంది.

“రెండేండ్లా?”

“ఆ. మళ్ల ఏ ఫొటోలనూ కనబడలేదంట. కానీ నువ్వు చూసింది నిజమే అన్నరు. ఇరవై మంది చూసిండ్రు, కాలు చూసింది నువ్వొక్కనివే. ఆ జాగల ఉచ్చులు ఎతకనీకి మనుషుల్ని పంపుతరంట. నీకు థాంక్స్ చెప్పమన్నరు.”

ఇన్నేళ్లకు ఎవరో ఆయన కంటిని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు చెవికెక్కనే లేదు.

“అయితే దానికిప్పుడు నొప్పి లేదు,” అన్నాడు నెమ్మదిగా. “ఎన్నడో అయిపోయింది. మనమే ఆలస్యంగ చూసినం.”

మాలతి చాయ్ తెప్పిస్తానంటే వద్దన్నాడు. నాలుగింటికి ఒక గొర్రెల మంద వస్తే, ఒక్కొక్కదాని నోరు తెరిచి పట్టుకుని అన్నిటికీ మందు తాగించాడు. అయిదింటికి సామాన్ల పెట్టెలోంచి కటింగ్ ప్లేయర్ తీసి జేబులో వేసుకున్నాడు.

“పొద్దున్నే బల్ల మీదుంటది,” అని చెప్పి వెళ్లిపోయాడు.

ఎండ ఇంకా ఉంది. చేలో కలుపు తీస్తున్న బాలమ్మ, గట్టు వెంట వంగి వంగి తీగలు కోస్తున్న మొగుణ్ణి చూసి లేచి వచ్చింది.

“ఏందయ్యా, పిచ్చి లేసిందా? పందులొస్తే చేను ఏం కావాలె?”

“కావలుంట. డబ్బా కొడుత.”

“మోకాళ్లు పనిచేస్తలేవు గానీ కావలుంటడంట!”

“నా మోకాళ్లు నొస్తే నువ్వు నూనె రాస్తవ్. దానికెవలు రాస్తరే?”

బాలమ్మకు ఆ ‘దానికి’ ఎవరో తెలియలేదు. కానీ మొగుడు మళ్లీ వంగి ఇంకో తీగ కోయడం చూసింది. కొంగు నడుముకు దోపుకుని తనూ వెతికింది. ఏడోది గడ్డిలో ఆమెకే దొరికింది.

“ఇగో, ఇదొకటి మరిచినవ్,” అని విసుగ్గా అందించింది. కురుమయ్య దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత అన్నిటినీ చుట్టగా చుట్టి దవాఖాన దారి పట్టాడు.

“రేపు పోవచ్చు కదా!” అని అరిచింది బాలమ్మ.

“రేపైతే నాకు ధైర్యం చాలదే.”

తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. పోయి వచ్చాడు. ఇంటికొచ్చి రెండు ముద్దలు తిన్నాడు. ఎదలో మంటగా ఉందని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లవారి బాలమ్మ లేపితే లేవలేదు.

తొమ్మిదింటికి మాలతి వచ్చేసరికి దవాఖాన గేటు దగ్గర మహేందర్ ఉన్నాడు.

“కురుమయ్య తాత పోయిండు డాక్టరమ్మా. నిద్రలనే,” అన్నాడు, బాలమ్మ పంపిన తాళంచెవి అందిస్తూ.

ఆమె నమ్మలేదు. నిన్న సాయంత్రం గొర్రెలు పట్టిన మనిషి! గబగబా పోయి తలుపు తాళం తీసింది. ఆమె బల్ల మీద కటింగ్ ప్లేయర్, దాని పక్కన తీగల చుట్ట. ఒకటి విప్పి చూసింది. గుంజితే బిగిసింది, వదిలితే సడలలేదు. ఎనిమిది రోజులు ఆ ముసలాయన ఎందుకంత తండ్లాడాడో అప్పుడు తెలిసింది. తిట్టాలో ఏడవాలో తెలియక అక్కడే నిలబడి ఏడ్చింది.

మొత్తం ఏడు. ఆరింటికి నోళ్లు తెరిచే ఉన్నాయి. ఏడోది పిడికెడంత బిగుసుకుని ఉంది, ఆ ముడిలో ఏ జీవివో నాలుగు బిరుసు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి.