రెండు మిల్లీమీటర్ల పుల్ల

కూతురి క్లారినెట్‌లో మీటను పట్టి ఉంచే పిన్ను విరిగింది. చీపురుపుల్లంత లావు, వేలెడు పొడవు. సాయంత్రం వాద్యబృందంలో చోటు కోసం ఆ పిల్ల వాయించి చూపాలి. మీట ఊగితే ఆ చోటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు తండ్రి. మిల్లులో జన్మంతా లేతు మీద మనిషి లావు ఇనుప షాఫ్టులు తిప్పి కోసిన టర్నరు. అందరూ షాఫ్టాయన అనే పిలుస్తారు. బావమరిది సరదాకు కొనుక్కున్న, బల్ల మీద పెట్టుకునే చిన్న లేతులో నాలుగు మిల్లీమీటర్ల కడ్డీ బిగించాడు.

"బావా, ఉన్నదే రెండు ముక్కలు. చూసుకో."

"నాకే చెప్తున్నావురా? అదీ ఈ బొమ్మ మిషను మీద!"

సున్నితమైన పని కదా అని వెంట్రుకవాసి చొప్పున కోసుకుంటూ పోయాడు. కడ్డీని పట్టి తిప్పే చక్ దగ్గర సరిగ్గా రెండు మిల్లీమీటర్లు వచ్చింది. టూలును దించే డయలు మీద అక్కడ సుద్దతో గీత పెట్టాడు. కొస దగ్గర కొలిచాడు. లావు! మైక్రోమీటరు తుడిచి మళ్ళీ కొలిచాడు. లావే.

డయలు ముట్టుకోకుండా టూలును ఆ దారినే ఇంకోసారి నడిపాడు. రజను రాలింది! షాఫ్టాయన నోరు వెళ్ళబెట్టాడు.

"దించకుండానే కోస్తోందేంట్రా! దీనికి దయ్యం పట్టింది!"

"దయ్యమూ లేదు, భూతమూ లేదు బావా. పుల్ల సన్నబడింది కదా, టూలు తగిలితే చక్కిలిగింత పెట్టినట్టు తప్పుకుంటోంది."

"నా చేతికింద ఇనుము తప్పుకోవడమా!" పౌరుషంకొద్దీ ఇంకాస్త దించాడు. పుల్ల టూలు మీదికెక్కింది. టప్‌మని విరిగింది.

మిగిలిన రెండో ముక్క బిగించాడు. టూలును కడ్డీ కొస అవతల పెట్టి, దానంతటది చక్ వైపు నడిచేలా లేతు మీట వేసి, మళ్ళీ వెంట్రుకవాసి దించాడు. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డ కూతురు ఇక ఆగలేకపోయింది.

"నాన్నా, చివరికి ఆ సుద్దగీత దాకా పోవాల్సిందేగా? మధ్యలో ఇన్ని మజిలీలెందుకు?"

అంటూనే వచ్చి, డయలు పట్టుకుని ఒక్కసారే గీత దాకా తిప్పేసింది.

"కొంప ముంచావే తల్లీ!"

ఆయన చెయ్యి ఆపే మీటను అందుకునేలోపే టూలు కడ్డీని కొరికింది. షాఫ్టాయన కళ్ళు మూసుకున్నాడు. విరిగిన చప్పుడు రాలేదు. తెరిచి చూస్తే టూలు కింద ఉన్నది లావు కడ్డీ, కదలకుండా నిలబడి కోయించుకుంటోంది. సన్నబడ్డ భాగం టూలు దాటి వెనక మిగిలిపోతోంది, దాని జోలికి ఇక ఎవరూ పోవడంలేదు.

చల్లారాక కొలిచాడు. ఈ కొస రెండు. ఆ కొస రెండు. నడుమ కొలిచాడు. రెండే!

పిన్ను తెగ్గోసి మీటలో దూర్చారు. ఊగలేదు. కూతురు నిలబడే ఒక వరస వాయించి, పెట్టె చంకన పెట్టుకుని మెట్లు దిగేసింది.

"ఏం గుండెరా దానిది!" అన్నాడు షాఫ్టాయన. "నాది ఇంకా గొంతులోనే ఉంది."

"వచ్చాక మింగుదువుగాని నాన్నా!" అని కింద నుంచి వినబడింది.