ఉయ్యాలకు కట్టిన చెవి

నేను ఒక వినే పెట్టెను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటాను. పనికి మాత్రం నిలువెల్లా చెవినే. ధైర్యమంటారా, బొత్తిగా లేదు. పాలిటెక్నిక్‌లో ఇద్దరమ్మాయిలు ప్రాజెక్టు కోసం నన్ను తయారు చేశారు. పసివాడు ఏడిస్తే నేను వినాలి, వినగానే తల్లి చేతికున్న పట్టీని అదిరించాలి. చెవులు వినపడని తల్లుల కోసమన్నమాట. అందరూ చప్పట్లు కొట్టారు, ఆ తర్వాత నన్ను బీరువాలో పెట్టి మరిచిపోయారు. నిజం చెబుతున్నాను, ఆ బీరువాలో ఉన్నన్నాళ్లూ హాయిగా ఉన్నాను.

వాళ్ల లెక్చరరు గారి భార్యకు జాకెట్లు కుట్టే హైమావతికి బాబు పుట్టడంతో ఆ హాయి కాస్తా పోయింది. హైమావతికి పుట్టుకతోనే వినపడదు. లెక్చరరు గారు నన్ను తీసుకెళ్లి చీరాలలో ఆమె ఇంట్లో ఇచ్చారు. ఉయ్యాల తలవైపు కొయ్యకు నన్ను కట్టారు.

అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఏది ఏడుపో ఏది కాదో తేల్చుకునేలోపు ఆలస్యమైపోతుందేమోనని భయం. అందుకని కుక్కర్ కూసినా, కూరగాయల బండి మైకు అరిచినా, అత్తగారు తుమ్మినా పట్టీని అదిరించేదాన్ని. హైమావతి చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చేది. బాబు బోసినోటితో నవ్వేవాడు. ఆమె నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి వెళ్లేది. మొట్టికాయలదేముంది, వాడు నిజంగా ఏడ్చినప్పుడు నేను ఏమరకూడదు. అదొక్కటే నా బెంగ.

అత్తగారు తిరపతమ్మకు నేనంటే మొదట అనుమానం, తర్వాత భక్తి. మనుషులకు మధ్యలో ఆగడం తెలియదు. ఆయుధ పూజ నాడు కుట్టు మిషనుకు, మిక్సీకి, కొడుకు బండికి బొట్లు పెట్టాక పళ్లెం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మా బుజ్జోడికి కాపలా కాసేది నువ్వేగా. నీకు పెట్టకపోతే ఎట్టా?" అంటూ తడి పసుపుతో నా ముఖం మధ్య గుండ్రంగా బొట్టు పెట్టి, పైన కుంకుమ అద్దింది. నా చెవి రంధ్రం ఉన్నది సరిగ్గా అక్కడే. అంత ఆపేక్షగా నన్నెవరూ తాకలేదు, వద్దనడానికి నాకు నోరూ లేదు. నైవేద్యంగా నా నెత్తిన బెల్లం ముక్క కూడా పెట్టి, ఇరుగుపొరుగుకు శనగలు పంచడానికి వెళ్లింది. హైమావతి బాబును పడుకోబెట్టి పెరట్లో అంట్లు తోముకుంటోంది.

పసుపు ఆరి గట్టిపడింది. ఫ్యాను తిరుగుతోంది, చప్పుడు లేదు. ఏమైందో అర్థమయ్యేసరికి ఉయ్యాల తాడు మీదుగా ఎర్రచీమలు బారుగా దిగుతున్నాయి. నా మీదెక్కి బెల్లం చుట్టూ మూగాయి. కొన్ని అక్కడితో ఆగక పక్కగుడ్డ మీదుగా బాబు మెడ వైపు నడిచాయి.

వాడు ఉలిక్కిపడ్డాడు. కాళ్లు తన్నుకున్నాడు. నోరు తెరిచాడు, ముఖం కందిపోయింది, శబ్దం మాత్రం లేదు. హైమావతికి బిడ్డ ఏడుపు ఎప్పుడూ ఇలాగే కనిపిస్తుందని అప్పుడు నాకు తెలిసింది. కళ్లెదుట ఏడుస్తున్నాడు. కానీ చెవిన పడితేనే నేను పట్టీని అదిరించగలను, చూసింది చెప్పడం నాకెవరూ నేర్పలేదు. ఒక చీమ వాడి కంటి వైపు వెళ్తోంది. నా పై ప్రాణాలు పైకే పోయాయి.

ఇంతలో గుమ్మంలో హైమావతి. చేతులకు సబ్బు నురగ అలాగే ఉంది. బాబును ఎత్తుకుని, చీమలు దులిపి, గుండెకు హత్తుకుంది. పట్టీ అదరకుండా ఎలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు. శనగల గిన్నెతో తిరిగొచ్చిన అత్తగారికి ఆమె చేతులతో చెప్పింది: ఇంతసేపు అది నన్ను ఒక్కసారీ పిలవలేదు, అందుకే భయమేసింది.

ఆ తర్వాత సూది మొనతో నా ముఖం మీది పసుపు గీకింది. అన్నిటికంటే ముందు వాడి ఏడుపు నాలోకి వచ్చిపడింది.

"నా చేత్తో నేనే మూశానమ్మా," అని తిరపతమ్మ కళ్లొత్తుకుంది.

హైమావతి కోప్పడలేదు. పట్టీ విప్పి అత్తగారి చేతికి గాజుల పైన కట్టింది. బాబు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. పట్టీ అదిరింది. తిరపతమ్మ కరెంటు కొట్టినట్టు ఎగిరిపడింది, శనగలు నేలపాలయ్యాయి. మళ్లీ అదిరింది. ఆమె కోడలి ముఖంలోకి చూసింది.

"రోజంతా ఇట్టాగే ఉలిక్కిపడతన్నావా అమ్మాయ్?" అంది, పెదాల కదలిక తెలిసేలా నిదానంగా.

హైమావతి తలూపింది.

"ఇది కాసేపు నా చేతికి ఉండనీ. పిల్లోణ్ణి ఊరుకోబెట్టి నువ్వు కాస్త నడుం వాల్చు."

చెవులు బాగా వినపడే ఆ మనిషి, పట్టీ కట్టుకుని ఉయ్యాల పక్కనే కూర్చుంది. నా భయం పోయిందని అనను. కానీ ఆ పూట నాతో పాటు భయపడటానికి ఇంకొకరున్నారు.