ఖాళీ అనుకున్న డిస్కు

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కంప్యూటరున్న తెలుగు ఇళ్ళన్నిటికీ విజయభాస్కర్ గారే వైద్యుడు. రోగం ఉన్నా లేకపోయినా ఆయన మందు వేసే తీరుతాడు. "మూత తీసి నడపవోయ్, గాలాడుతుంది" అన్నాడని పెట్టె మూత ఊడదీసి, దుమ్ముపట్టించి, ఫ్యాను గీపెట్టేదాకా నడిపినవాళ్ళున్నారు. గీతలు పడ్డ సీడీని టూత్‌పేస్టుతో రుద్దమంటే రుద్ది, ఉన్న పాట కూడా పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అయినా ఎవరూ నోరెత్తరు. ఎలా ఎత్తుతారు? వాళ్ళలో సగం మందిని ఎయిర్‌పోర్టు నుంచి కారులో ఎక్కించుకొచ్చి, తన ఇంట్లో పడుకోబెట్టి, అద్దెకు ఇల్లు చూసిపెట్టింది ఆయనే. దేశం కాని దేశంలో మొదటి ముద్ద పెట్టినవాడి మాటకు జీవితాంతం తలూపాలి. ఈ చట్టం ఎక్కడా రాసిలేదు గానీ తప్పినవాడు ఒక్కడూ లేడు.

శ్యామసుందరికి ఈ చట్టమంటే ఒళ్ళు మంట. ఆమె భర్త ద్వారకానాథ్‌కి మాత్రం అదే వేదం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో ఇద్దరూ అమలాపురం నుంచి వచ్చారు. ద్వారకానాథ్‌ని విజయభాస్కర్ తన ఆఫీసులోనే చేర్పించాడు. శ్యామసుందరి ఎవరి సిఫారసూ లేకుండా, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసినవాటిని సరిచేసే పని వెతుక్కుంది. తీరా ఆ జనవరి ఒకటి వచ్చింది, ఏమీ కూలలేదు. కోబాల్ వాళ్ళను కరివేపాకులా తీసి పక్కన పెట్టారు. విజయభాస్కర్ మాసన్ లేక్స్ పేటలో శ్యామసుందరి వాళ్ళింట్లోనే కాలు మీద కాలేసుకుని, "నేను ముందే చెప్పాను కదమ్మా, కోబాల్ అంటే డెడ్ లాంగ్వేజ్" అన్నాడు. ఆయన ముందు చెప్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

ఆ ఖాళీ నెలల్లో శ్యామసుందరి, విండోస్‌కి బదులుగా ఊరికే దొరికే లినక్స్ నేర్చుకుంది. యూనివర్సిటీలో పాత సామాను అమ్మేస్తుంటే ఒక హార్డ్ డిస్కు కొనుక్కొచ్చి, ఇంట్లో ఉన్న కంప్యూటర్లో రెండోదిగా తనే బిగించుకుంది. మొదటి డిస్కులో విండోస్, అది ద్వారకానాథ్‌ది. రెండోది పూర్తిగా తనది. ఆ ఇంట్లో ఎవరి సలహా లేకుండా వచ్చిన వస్తువు అదొక్కటే. అందులో కూర్చుని, పాత కోబాల్ ఫైళ్ళను చదివి కొత్త డేటాబేసుల్లోకి మార్చే ప్రోగ్రాం రాసింది. రాసి, ఎవరైనా వాడుకోండని, లోపలి కోడుతో సహా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు దాన్ని వాడారు, తప్పులు చూపించారు. జర్మనీలో ఒకాయన కొన్ని తప్పులు దిద్ది కూడా పంపాడు. ఆయన పొగడలేదు, ఎగతాళీ చెయ్యలేదు, ఈ వరస ఇలా మారిస్తే బావుంటుందన్నాడు, అంతే. ఆ మర్యాదకు ఆమెకు కళ్ళు చెమర్చాయి.

ఆ ప్రోగ్రాం చూసే టెక్నాలజీ పార్కులోని ఒక చిన్న కంపెనీ ఆమెను పిలిచింది. సోమవారం పొద్దున వచ్చి కొత్త వెర్షన్ నడిపి చూపించమంది. నచ్చితే ఉద్యోగం. ఈ మాట ఆమె ద్వారకానాథ్‌కి అన్నం వడ్డిస్తూ చెప్పింది, పక్కమీద చెప్పింది, కారులో చెప్పింది. అతను ప్రతిసారీ "ఊఁ" అన్నాడు.

ఆదివారం భోజనానికి విజయభాస్కర్, భార్య రత్నకుమారి వచ్చారు. నెలకో ఆదివారం ఇలా మేపడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆయన పప్పూ పులుసూ లాగించి, గారెల పళ్ళెం చేత్తో పట్టుకునే వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. దాన్ని ఆయన "చెకప్" అంటాడు. నూనె వేళ్ళతో మౌస్ పట్టుకోవద్దని చెప్పాలని శ్యామసుందరికి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. వాళ్ళు వెళ్ళగానే పనంతా ఫ్లాపీలోకి ఎక్కించుకుందామనుకుని వంటింట్లోకి వెళ్ళి మరో వాయి గారెలు వేసింది. ముందే ఎక్కించుకోవాల్సింది. గారెల పిండి రుబ్బుతూ కూర్చున్న ఆడదానికి ఆ తీరిక ఎక్కడిది?

అల్లం పచ్చడి కోసం ద్వారకానాథ్ లోపలికొచ్చాడు.

"ఏం చేస్తున్నారండీ ఆయన?" అంది.

"ఏం లేదు, ఏదో క్లీన్ చేస్తున్నారు" అన్నాడు. అంటున్నప్పుడు ఆమె మొహంలోకి చూడలేదు. పచ్చడి గిన్నె తీసుకుని గబగబా వెళ్ళిపోయాడు.

ఆమె వేడి గారెలు తీసుకుని హాల్లోకి వచ్చేసరికి స్క్రీన్ మీద సినిమా పాటల పేర్లు వరసగా దిగుతున్నాయి. పక్కన ఆయన తెచ్చుకున్న దొంగ సీడీల సంచి.

"ఇవి ఎక్కడికి కాపీ అవుతున్నాయండీ?"

"సర్‌ప్రైజ్ అమ్మా! నీకు రెండో డిస్కు ఒకటుంది, తెలుసా? ఎయిట్ జీబీ ఖాళీగా వేస్ట్ అయిపోతోంది. విండోస్‌కి అసలు కనబడటమే లేదు. నాన్-డాస్ అని ఏదో చెత్త చూపిస్తోంది. డిలీట్ కొట్టి, ఫార్మాట్ చేసి, నీకు నీట్‌గా డీ డ్రైవ్ చేసిపెట్టా. సాంగ్స్ కూడా ఎక్కించేస్తున్నా."

శ్యామసుందరి వేడి గారెలు బల్లమీద పెట్టేసింది. విండోస్‌కి లినక్స్ భాషే రాదు. తనకు చదవడం రానిదాన్ని అది లెక్కలోకే తీసుకోదు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషిదీ అదే పద్ధతి.

"అది ఖాళీ కాదండీ. అందులో లినక్స్ ఉంది. నా పనంతా అందులోనే ఉంది. రేపు ఇంటర్వ్యూలో చూపించాల్సింది."

విజయభాస్కర్ గారె కొరికాడు. "ఓహో, లినక్సా! దానికింత టెన్షనెందుకమ్మా, ఊరికే వచ్చేదే కదా, మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకో. అయినా ఒక టిప్ చెప్తా విను. ఫ్రీ సాఫ్ట్‌వేర్ పట్టుకు వేళ్ళాడేవాళ్ళకి జీతం కూడా ఫ్రీయే!"

తన జోకుకు తనే నవ్వాడు. సోఫాలో రత్నకుమారి నవ్వింది. శ్యామసుందరి భర్త వైపు చూసింది. అతనూ నవ్వాడు. పెద్దగా కాదు, పెద్దాయన నవ్వాడు కాబట్టి పెదవులు సాగదీశాడు.

ఆ నవ్వు దగ్గర ఆమె ఓర్పు తెగిపోయింది. వంగి, విజయభాస్కర్ చేతిలోని పళ్ళెం లాగేసుకుంది.

"లేవండి."

"ఏంటమ్మా?"

"తిన్నది చాలు. నా కుర్చీలోంచి లేవండి. మా ఇంట్లోంచి కూడా లేవండి."

తింటున్న మనిషి చేతిలో పళ్ళెం లాక్కోవడమంటే మనవాళ్ళలో చెంపమీద కొట్టడం కన్నా ఎక్కువ. అది ఆమెకు తెలుసు. తెలిసే చేసింది. విజయభాస్కర్ మొహం కందగడ్డయింది. "కారేసుకొచ్చి తీసుకెళ్ళకపోతే ఆ రోజు ఎయిర్‌పోర్టులో దిక్కులు చూసేవాళ్ళు. గుర్తుందా?" అన్నాడు.

"గుర్తుంది. మీరు మర్చిపోనిస్తేగా."

రత్నకుమారి హ్యాండ్‌బ్యాగు సర్దుకుంది. ద్వారకానాథ్ ఆయన వెనకే కారుదాకా పరిగెత్తి, కిటికీలోంచి వంగి చేతులు జోడించాడు. తిరిగొచ్చేసరికి ఆమె కీబోర్డు మీది నూనె తుడుస్తోంది.

"నీకు మతిపోయిందా సుందరీ? ముందు ఫోన్ చేసి సారీ చెప్పు."

"అది నా డిస్కని మీకు తెలుసు కదా?"

అతను సోఫా మీది దిండు సర్దాడు.

"వంటింట్లోకొచ్చినప్పుడు తెలుసు కదా? అప్పటికింకా ఫార్మాట్ చెయ్యలేదు కదా?"

"ఆయన కొడదామా అనడిగారు. నేనేమనాలి? అంత పెద్దాయనని వద్దని ఎలా అంటాను? నువ్వైతే మళ్ళీ రాసుకోగలవు కదా అనుకున్నాను."

దీనికంటే ఆ డిస్కును సుత్తితో పగలగొట్టినా ఆమె ఓర్చుకునేది. ఇంకేమీ అడగలేదు. వెనక్కి తిరిగి, జర్మనీ ఆయనకు జరిగింది రెండు ముక్కల్లో ఈమెయిల్ రాసింది. పరీక్షించి చూడమని క్రితం వారం పంపిన కొత్త వెర్షన్ కాపీ ఉంటే ఇవ్వగలరా అని అడిగింది. టీ చల్లారేలోపు జవాబొచ్చింది. కాపీ ఉంది. దానితోపాటు ఆయన దిద్దిన తప్పులూ ఉన్నాయి. "మీదే కదా, తీసుకోండి" అని రాశాడు. డిస్కులోంచి పాటలు పీకిపారేసి, లినక్స్ మళ్ళీ ఎక్కించి, వారంలో చేసిన పనిని గుర్తున్నంతవరకు తిరిగి రాసుకుంది. ద్వారకానాథ్ ఆ సాయంత్రమంతా ఫోన్ దగ్గరే కూర్చుని, అవతల తియ్యని ఫోనుకు మళ్ళీ మళ్ళీ డయల్ చేశాడు.

సోమవారం పొద్దున్నే అతను ఆఫీసుకు సెలవు పెట్టి, స్వీట్ల డబ్బా పట్టుకుని, కారు తీసుకుని విజయభాస్కర్ ఇంటికి వెళ్ళాడు. ఆమె పెట్టెలోంచి డిస్కు ఊడదీసి, చున్నీలో చుట్టుకుని, టెక్నాలజీ పార్కుకు నడిచి వెళ్ళింది. వాళ్ళు దాన్ని తమ కంప్యూటర్లో బిగించి ప్రోగ్రాం నడిపించి చూశారు. ఒకచోట ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆమె అక్కడికక్కడే చెప్పి దిద్దింది. వాళ్ళకు నచ్చింది ఆ దిద్దడమే. ఎప్పుడు చేరతారని అడిగారు.

ఇంటికొచ్చేసరికి ద్వారకానాథ్ గుమ్మంలోనే ఉన్నాడు. పొద్దున్నుంచి బరువు మోసి ఇప్పుడే దించుకున్నవాడి మొహంలా ఉంది అతని మొహం. ఇంటర్వ్యూ ఏమైందని అతను ఒక్క మాట అడిగితే చాలు, నిన్నటిదంతా కాకపోయినా కొంతైనా కడుక్కుపోతుందనుకుంటూ ఆమె మెట్లెక్కింది.

"భాస్కర్ గారు క్షమించేశారు సుందరీ! మనసులో ఏం పెట్టుకోనన్నారు. ఎంత గొప్ప మనిషో చూడు. వచ్చే ఆదివారం మళ్ళీ భోజనానికి పిలిచాను."

ఆమె చెప్పులు విప్పింది. అతనింకేమైనా అడుగుతాడేమోనని చూసింది.

"రమ్మనండి. మీరే వండిపెట్టండి. నేనుండను."

"నువ్వు లేకపోతే ఎలా? ఎక్కడికెళ్తావు?"

"ఆఫీసుకి. నా మెషీన్ సర్దుకోవాలి."

ద్వారకానాథ్ అయోమయంగా చూశాడు.

"ఏ ఆఫీసు?" అన్నాడు.