కుడి మోకాలు

హెల్మెట్ తియ్యగానే ఎల్లాజీ ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది. మే నెల, మూడు గంటల ఎండ. ఆటగాళ్ళకిచ్చిన రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. బయట హాఫ్‌టైమ్ పాటలు హోరెత్తుతున్నాయి. హైదరాబాద్‌తో సెమీఫైనల్లో ఎల్లాజీ జట్టు వైజాగ్ యాంకర్స్ నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది.

"ఎల్లాజీ, ఇలా రావయ్యా," అన్నాడు మేనేజర్ సన్యాసిరాజు.

అమెరికన్ ఫుట్‌బాల్లో ఎల్లాజీది డిఫెన్స్. బంతి అతని చేతికి రాదు. ఎదురుగా నిలబడ్డ గోడలాంటి మనుషుల్ని చీల్చుకుని వెళ్ళి, వెనకాల బంతి విసిరేవాణ్ణి నేలకి కొట్టాలి. అంతే పని. ఆరేళ్ళ క్రితం లీగ్ మొదలైనప్పుడు కోచ్ ఒకాయన జాలరిపేట ఒడ్డుకొచ్చి, నడుం వంచి వలతాడు లాగుతున్న వాళ్ళలోంచి తొమ్మిది మందిని ఏరుకుపోయాడు. వాళ్ళలో ఇంకా మిగిలింది ఎల్లాజీ, అతనిలాగే డిఫెన్స్ ఆడే, ఎనిమిదేళ్ళు చిన్నవాడైన బావమరిది దుర్గారావు. ఆ తొమ్మిది మందిలో ఒకడైన గోపికి భుజం విరిగిన మర్నాడే ఫోన్లో మెసేజ్ వచ్చింది, ఇక రావద్దని. గాయపడ్డ రోజు నుంచి జీతం ఉండదని కాగితంలో ముందే రాసి ఉందట. ఇప్పుడు గోపి ఎడమ చేత్తో హార్బర్లో చేపల పెట్టెల మీద నంబర్లు వేస్తున్నాడు.

సన్యాసిరాజు చేతిలో కొత్త కాంట్రాక్టు ఉంది. రెండేళ్ళకి. నెలకి అరవై వేలు, ఇప్పుడొచ్చే దానికి రెట్టింపు. ముప్పై మూడేళ్ళవాడికి ఇలాంటి కాగితం మళ్ళీ రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఓనరుగారి సంతకం అయిపోయింది. నీదే మిగిలింది. ముందొక చిన్న పని. రెండో హాఫ్‌లో వసీం ఆడకూడదు."

"ఆడకుండా ఏటి సేత్తాం రాజుగారూ? ఆల్ల జట్టుకి బంతి ఇసిరీదే ఆడు."

"విసిరేశాక వెళ్ళు. పక్కనుంచి. కుడి మోకాలు. పెనాల్టీ పడితే పదిహేను గజాలు వెనక్కి పోతాం, పడనీ."

కుడి మోకాలి సంగతి బయటపెట్టింది ఎల్లాజీయే! పొద్దున టిఫిన్ దగ్గర జట్టంతా వసీం ఆట వీడియో చూస్తూ, అతని ఎడమ మోకాలికున్న పట్టీ గురించి లెక్కలు వేస్తుంటే ఎల్లాజీ పకపకా నవ్వేశాడు. "అది దొంగ పట్టీరా బాబూ! దెబ్బ కుడికాల్ది. మాయమ్మ సొరసేప నూనెట్టి నలబై రోజులు తోమింది. డాక్టర్లు సెయ్యనేనిది మా ముసలమ్మ సేసింది!" అని గొప్పకి పోయాడు. పక్క బల్ల దగ్గర సన్యాసిరాజు కాఫీ తాగడం ఆపి విన్నాడు.

మూడేళ్ళ క్రితం వసీం ఈ జట్టువాడే. వన్ టౌన్‌లో వాళ్ళ నాన్నకి తాళాల కొట్టు. మోకాలు తిరిగిపోతే, ఏ కాలో కూడా చూడకుండా యాంకర్స్ వదిలేసింది. ఎల్లాజీయే ఆటో ఎక్కించి రోజూ తన ఇంటికి తెచ్చేవాడు. ఆ నూనె కంపుకి వసీం తల్లి మెహబూబ్ బీ కొడుకుని గుమ్మంలోనే నిలబెట్టి నీళ్ళు గుమ్మరించేది. చివరికి కాలు నిలబడింది. హైదరాబాద్ జట్టు తీసుకుంది. కుడి మోకాలి సంగతి మాత్రం వాళ్ళకి తెలియదు. తెలిస్తే వాళ్ళూ వదిలేస్తారు.

"నాను సెయ్యను."

"ఏమిటీ?"

"ఎదురుగా ఎల్లి గుద్దమనండి, పక్కటెముకలు లెక్కెట్టుకునేలా గుద్దుతాను. అది నా పని. సేతిలో బంతి నేనోడి కాలిరగ్గొట్టడం నా పని కాదు."

"చేపలు మోసుకునేవాడికి బూట్లు తొడిగి టీవీలో చూపించాం. ఇప్పుడు మాకే నీతులు!"

"సూపించారు సార్. గోపిగాడి బుజం మట్టుకు సూపించనేదు."

సన్యాసిరాజు కాంట్రాక్టు తీసుకెళ్ళి దుర్గారావు ఒళ్ళో పెట్టాడు. "ఇదే కాగితం. పేరొక్కటి మారుస్తాను. ఏమంటావు?"

దుర్గారావు ఆ కాగితం ఒళ్ళోంచి జారకుండా అరచెయ్యి ఆనించాడు.

"ఒరే, ఆడు మనింట్లో అన్నం తిన్నాడ్రా!" అన్నాడు ఎల్లాజీ.

"తిన్నోళ్ళందరి కోసం నాను తాడు లాగుతా సావాలేటి? నీ ఆట అయిపోనాది బావా. నాది ఇప్పుడే మొదులు. నీ నీతులేటున్నా ఇంటికెల్లి మా రాధక్కకి సెప్పుకో. తప్పుకో."

ఎల్లాజీని బెంచీ మీద కూర్చోబెడదామంటే అంత బరువున్నవాడు జట్టులో ఇంకొకడు లేడు. అందుకే మళ్ళీ దించారు.

వరుసలు కడుతుంటే వసీం అటునుంచి కేకేశాడు. "ఏం ఎల్లాజీ భాయ్, ముక్కు పచ్చడైపోనాదే! అమ్మ బాగుందా?"

"బాగుంది. బంతి ఇసిరినాక నిలబడకు. పడిపో."

"అరే, నన్నే బెదిరిత్తన్నావా?" వసీం నవ్వాడు. ఈ ఆటలో ఎదుటివాడి మాట ఎవడూ నమ్మడు.

ఈల మోగింది. మనుషులు మనుషుల్ని ఢీకొన్న చప్పుడు. రెండుసార్లు దుర్గారావుకి దారి దొరకలేదు. మూడోసారి దొరికింది.

వసీం చేతిలోంచి బంతి లేచింది. కుడికాలి మీద బరువు మోపి, తలెత్తి దాన్నే చూస్తున్నాడు. దుర్గారావు పక్కనుంచి వస్తున్నాడు. భుజం దించాడు. ఇంకా దించాడు. మోకాలి ఎత్తుకి.

ఎల్లాజీకి ఆలోచించే వ్యవధి లేదు. ఉన్న బరువంతా కూడదీసుకుని అడ్డంగా దూకాడు. దుర్గారావు డొక్కలో భుజం దిగింది. ఇద్దరూ దొర్లుకుంటూ వసీం బూట్ల ముందు పడ్డారు.

తమవాడు బంతి అందుకున్నందుకు హైదరాబాద్ వాళ్ళ కేకలు. వైజాగ్ వాళ్ళు మాత్రం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు.

"నన్నే కొట్టినావేటి బావా?" దుర్గారావుకి ఊపిరి అందటం లేదు.

వసీం కిందికి చూశాడు. దుర్గారావు భుజం ఎక్కడికి రాబోయిందో అర్థమైంది. తెలియకుండానే చెయ్యి కుడి మోకాలి మీదికి పోయింది. గీత బయట నిలబడ్డ హైదరాబాద్ కోచ్, పట్టీ లేని మోకాలి మీదున్న ఆ చేతిని చూశాడు.

"వాణ్ణి బయటికి లాగండి!" సన్యాసిరాజు గొంతు చించుకుంటున్నాడు.

రిఫరీ పరుగెత్తుకొచ్చి ఎల్లాజీ ముందు ఆగాడు. "ఎవణ్ణి కొట్టావు నువ్వు?"

"మావోణ్నే."

సొంతవాణ్ణి కొట్టడానికి ఏ శిక్షో రిఫరీకి గుర్తు రాలేదు. ఆట సాగించమని చెయ్యూపాడు. మనిషిని మార్చే వ్యవధి ఇవ్వకుండా హైదరాబాద్ జట్టు గబగబా వరుస కట్టింది.

ఎల్లాజీ తన చోటు వదిలి దుర్గారావు పక్కకి జరిగాడు. వేళ్ళు గడ్డిలో ఆనించి వంగాడు. ఈసారి ఎదుటి వరుస వైపు చూడలేదు. దుర్గారావు మడమలు ఎటు తిరుగుతాయా అని చూస్తున్నాడు.