పోటీకి ముందు కడిగిన కొలను

మురికి తీసే యంత్రాలకు పోటీ పెట్టాలంటే ముందు మురికి ఉండాలి. ఇందులో తెలియనిదేమీ లేదు. వదినకూ తెలుసు. తెలిసే ఆ పొద్దున ఆ పని చేసింది.

వదిన అంటే ఇంట్లో మరిది పిలిచే పిలుపు. పెద్ద ఇళ్లున్న వీధిలో ఆమెను పూలావిడ అంటారు. పూలమ్మే మనిషి అనుకునేరు, కాదు. ఈ పూలు ఇంగ్లీషు పూల్. ఇళ్ల వెనక నీలం పలకలు అతికించి కట్టుకున్న ఈతకొలనులు శుభ్రం చేస్తుంది. పొడుగు కర్రకు వల తగిలించి తేలే ఆకులు తీస్తుంది, బ్రష్షు తగిలించి గోడలు తోముతుంది, నీళ్లలో మందు కలుపుతుంది. అలాంటి ఇళ్లు ఆమె చేతిలో చాలానే ఉండేవి. ఒక్కో ఇంట్లో ఒక్కో యంత్రం దిగింది, ఒక్కో ఇల్లూ చేజారింది. ఇప్పుడు మిగిలింది లాయరమ్మ ఇల్లొక్కటే. అదీ పోతే ఆ కర్ర దండేనికి తప్ప మరెందుకూ పనికిరాదు.

ఆ యంత్రాలు అమ్మే షాపులోనే మరిది చేరాడు. చేరాడంటే పూర్తిగా కాదు. అమ్మి చూపిస్తే ఉంచుకుంటామన్నారు. ఇప్పటిదాకా ఒక్కటీ అమ్మలేదు. ఈ వారం కూడా అమ్మకపోతే సోమవారం రానక్కర్లేదని షాపు యజమాని నవ్వుతూ చెప్పాడు. అలాంటి మాటలు వాళ్లు నవ్వుతూనే చెబుతారు.

వదిన మొగుడు లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి, ఇంటికి చుట్టంలా వస్తాడు. ఇల్లు నడిచేది వీళ్లిద్దరి మీదే. ఒకే పొయ్యి, ఒకే అద్దె. ఆ వారం మొదట్లో ఒక సాయంత్రం మరిది ఆ పొయ్యి దగ్గరే పీట వేసుకుని కూర్చుని, చాలాసేపు నీళ్లు నమిలి, చివరికి బయటపడ్డాడు.

"వదినా, కోపం తెచ్చుకోకు. శనివారం లాయరమ్మగారింటికి రెండు మిషన్లు తీసుకెళ్తున్నా."

"నా పీక కోయడానికి ఒకటి చాలదా? రెండెందుకు?"

"పోల్చి చూస్తుందట. ఆవిడ సంగతి తెలుసుగా, అవతలి పక్షం లేకపోతే తోచదు."

"మొత్తానికి నా కంచం లాగడానికి నా మరిదే దొరికాడన్నమాట ఆ షాపుకి."

"చెప్పేది పూర్తిగా విను. ఒకదానికి తోకుంది. కరెంటు వైరు. గట్టు మీద మనిషి నిలబడి ఆ వైరు చూసుకోవాలి, పనయ్యాక పైకి లాగాలి, లోపల చెత్త పట్టే బుట్ట కడగాలి. మనిషి లేకపోతే అది అడుగు కదలదు."

"రెండోది?"

మరిది తల గోక్కున్నాడు. "దానికి తోక లేదు. చార్జింగు పెట్టి నీళ్లలో వదిలేస్తే నేలా గోడలూ అదే తోముతుంది. అయిపోయాక గట్టు దగ్గరికి తనే వచ్చి నిలబడుతుంది."

"కాఫీ కూడా పెడుతుందేమో అడక్కపోయావా?"

"అబ్బా, వదినా! తోకున్నది గెలిస్తే నా ఉద్యోగం నిలబడుతుంది, నీ పనీ నిలబడుతుంది. అదీ నేననేది. తోక లేనిదాని బుట్ట చిన్నది. ఎండాకులు బాగా పడితే నిండిపోయి మధ్యలోనే ఆగిపోతుంది. తోకదాని బుట్ట ఇంతుంటుంది. అందుకని శనివారం దాకా నువ్వు ఆ కొలను ముట్టుకోకు. పడ్డ ఆకు పడ్డట్టే ఉండనీ."

వదిన మంట తగ్గించింది. "అంటే ఏ పనీ చేయకుండా కూర్చోవాలి. అంతేగా? ఈ జన్మలో అలవాటు లేదుగానీ, నేర్చుకుంటా."

నేర్చుకోవడం మొదలుపెట్టింది. రోజూ వెళ్లింది, పంపు ఆడుతోందో లేదో చూసింది, మందు కలిపింది, కర్ర జోలికి పోలేదు. గోడ పక్క చెట్టు దాని పని అది చేసింది. ఆకులు రాలాయి, తేలాయి, నాని మునిగాయి. మెట్ల మీద జిగురు పట్టింది. నీటి అంచున పలకల చుట్టూ జిడ్డు గీత తేలింది. లాయరమ్మ కిటికీలోంచి చూసి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

"పోటీకని ఉంచానమ్మా."

"అవునవును, సాక్ష్యం చెరపకూడదు," అంది లాయరమ్మ.

వదిన మాత్రం ఆ గట్టు మీద నడిచేటప్పుడు తల తిప్పుకుని నడిచేది, అప్పులవాడి వాకిలి దాటుతున్నట్టు.

శనివారం మరిది కంటే ముందుగా వెళ్లింది. లాయరమ్మ మొగుడు, ఉద్యోగం చాలించి ఏ పనీ లేక ప్రతి పనిలోనూ వేలు పెట్టే పెద్దాయన, గట్టు మీద కుర్చీలు వేయిస్తున్నాడు. "పక్కింటివాళ్లనీ ఎదురింటివాళ్లనీ కూడా పిలిచాను. ఊరికే చూడ్డానికి ఏం పోయింది?" అని లోపలికి వెళ్లాడు.

వదిన కుర్చీల వంక చూసింది. కొలను వంక చూసింది. పక్కింటివాళ్లు ఆ కుర్చీల్లో కూర్చుని ఈ నీళ్లు చూస్తారు. చూసి ఏమంటారు? ఇంత పాచి పట్టిందేం, ఈ కొలను చూసేది ఎవరు, అంటారు. ఎవరో అందరికీ తెలుసు.

మెట్టొక్కటే అనుకుంది. కుర్చీలకు ఎదురుగా ఉంది కదా, జిగురు కళ్లలో పడుతుంది. బ్రష్షు తగిలించి మెట్టు తోమింది. మెట్టు తెల్లబడేసరికి పక్కనున్న అంచు మరీ అసహ్యంగా కనబడింది. అంచూ తోమింది. తోమిన జిడ్డు నీళ్ల మీద తేలితే ఊరుకోలేక వల తీసింది. వల చేతికొచ్చాక ఇంక అడిగేవాళ్లు లేరు. అడుగున ఉన్న ఆకులన్నీ ఎత్తి పంపు గది పక్కనున్న ప్లాస్టిక్ తొట్లలో వేసి, పట్టడానికి కాలితో తొక్కింది. గేటు దగ్గర మరిది హారన్ కొట్టేసరికి కొలను అద్దంలా ఉంది. అప్పుడు చూసుకుంది తను ఏం చేసిందో. చూసుకుని కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మరిది రెండు పెట్టెలు మోసుకొచ్చి, నీళ్లలోకి చూసి, వదిన వైపు చూశాడు. అప్పుడే పక్కింటివాళ్లు వచ్చి కుర్చీల్లో కూర్చుంటున్నారు. జనం ముందు ఏమంటాడు? పెట్టెలు విప్పాడు. పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, బరువుగా, చక్రాలతో, తోకతో ఉన్నదానికి తాబేలు అనీ, గోడలెక్కే రెండోదానికి పీత అనీ పేర్లు పెట్టేశాడు.

"నేను తాబేలు పక్షం," అన్నాడు.

"మీరెప్పుడూ అంతే," అంది లాయరమ్మ. "మొదలుపెట్టు బాబూ."

తాబేలు నీళ్లలోకి దిగి, నున్నటి నేల మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరిగింది. పైకి లాగి బుట్ట తెరిస్తే ఒక్క ఆకు ఈనె ఉంది. పీత దిగింది, గోడలెక్కింది, దిగింది. దాని బుట్టలో ఈనె కూడా లేదు.

"రెండూ పస్తే!" అని పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. పక్కింటివాళ్లూ నవ్వారు.

లాయరమ్మ లేచి నిలబడింది. "కేసు కొట్టేస్తున్నాను. కొలను ఇంత శుభ్రంగా ఉంటే నాకు మిషనెందుకు? మా పూలావిడ ఉందిగా." వదిన వైపు తిరిగి నిండుగా నవ్వింది. పక్కింటావిడ, "నిజమేనండీ, మా దగ్గర ఇంత తెల్లగా ఉండదు," అంది.

ఇన్నేళ్లలో ఆ గట్టు మీద వదినను అంతమంది ముందు మెచ్చుకున్నది అదే మొదటిసారి. పని నిలబడింది. పేరూ వచ్చింది. ఊరుకుంటే చాలు.

మరిది తాబేలు వైరు చుడుతున్నాడు. చుట్టడం కాదు, పీకుతున్నాడు. వదిన సాయానికి వెళ్లి వైరు కొస అందుకుంది. అతను గొంతు తగ్గించి అన్నాడు:

"బాగా ఆడావు వదినా."

"ఏంట్రా?"

"నీ పని నిలబెట్టుకున్నావు. సోమవారం నేను వీధిలో ఉంటాను. ఇంటి మనిషివి కదాని నీకు ముందుగా చెప్పుకున్నాను చూడూ, నాదీ బుద్ధి తక్కువ."

"కావాలని చేశానంటావా?"

"అనుకోకుండా తుమ్ముతారు. అనుకోకుండా కొలను కడుగుతారా ఎవరన్నా?"

వదిన వైరు కొస వదిలేసింది. చెయ్యి ఊరుకోలేదని చెబుదామనుకుంది. చెయ్యే చేసిందా? కుర్చీలు చూసి సిగ్గుపడి చేసిందా? లేక రెండు యంత్రాలూ ఈ గుమ్మం తొక్కకుండా పోవాలని లోపల ఏదో మూల కూర్చున్న భయం ఆ చేతికి కర్ర అందించిందా? ఆమెకే తెలియదు. కూటికి భయపడ్డ మనిషి తన చేతికి తను జామీను ఉండలేదు. మనిషిని ఆ స్థితికి తెచ్చినవాళ్లు మాత్రం కుర్చీల్లో కూర్చుని కాఫీలు తాగుతారు.

తెలియదు కాబట్టే ఒళ్లు మండిపోయింది. తెలిసుంటే ఏడ్చి ఊరుకునేదేమో.

పంపు గది పక్కకు వెళ్లింది. ఒక తొట్టి ఈడ్చుకొచ్చి, అందరూ చూస్తుండగా గట్టు మీద నుంచి నీళ్లలోకి గుమ్మరించింది. నల్లటి ఆకుల ముద్ద బుడుంగున మునిగి, మబ్బులా విచ్చుకుంది.

"ఏంటమ్మా ఇది!" లాయరమ్మ కేక పెట్టింది.

"మురికమ్మా. మీ కొలనుదే, ఎక్కడినుంచో తెచ్చింది కాదు. పొద్దున నేనే తీశాను. తీసి ఉండకూడదు. ఇప్పుడు పెట్టించండి పోటీ. రెండోదానికి ఇంకో తొట్టి ఉంది."

"కొత్త సాక్ష్యం!" అని పెద్దాయన చప్పట్లు కొట్టాడు. మరిది ఆమె వంక చూడలేక వైరు విప్పడం మొదలుపెట్టాడు.

కోపంలో చుట్టిన వైరు మెలికలు పడింది. తాబేలు మొదట బాగానే లాగింది. ఆకుల ముద్ద సగం దాని పొట్టలోకి పోయింది. ఆ తర్వాత మెలిక బిగుసుకుని, తిరిగినచోటే తిరుగుతూ వెళ్లి ఇనుప నిచ్చెన కాళ్లకు చుట్టుకుంది. వదిన కర్ర చాచి విడిపించింది. కాసేపటికి మళ్లీ చుట్టుకుంది. మళ్లీ విడిపించింది.

"దీని పక్కన ఎప్పుడూ ఇలా ఒక మనిషి ఉండాలా?" అని లాయరమ్మ అడిగింది.

మరిది వదిన వంక చూశాడు. "ఉండాలమ్మా."

"మనిషే ఉంటే మిషనెందుకు?"

మరిది తాబేలును పైకి లాగాడు, వదిన రెండో తొట్టి గుమ్మరించింది.

ఇక పీత మీదే ఆశ. అంటే అది ఓడిపోతుందని. అడుగు నిండా విడి విడి ఎండాకులైతే దాని చిన్న బుట్ట నిండిపోయి ఆగేదే. కానీ తొట్టిలో తొక్కిన ఆకులు మెత్తబడి, పప్పుగుత్తితో మెదిపినట్టు అయ్యాయి. పీత తిరిగింది, మింగింది, బుట్టలో అన్నీ సర్దుకున్నాయి. ఆ పైన గోడలెక్కి అంచు తోమింది. తోమాక గట్టు దగ్గరికి వచ్చి, బడిపిల్లలా నిలబడింది.

"నా తాబేలు మునిగింది," అన్నాడు పెద్దాయన.

లాయరమ్మ పీతను తీసుకుంటానంది. మరిది మొహంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది, వెంటనే సిగ్గుపడి దాన్ని దాచుకోబోయాడు. దాగలేదు. పాపం, దాచుకోవాల్సిన తప్పు అతనేం చేశాడని?

లాయరమ్మ వదిన దగ్గరికి వచ్చింది. చెడ్డ మనిషి కాదు, అందుకే గొంతు మెత్తగా పెట్టింది. "నువ్వేమీ అనుకోకమ్మా. పూర్తిగా మానేయమనడం లేదు. నెలకోసారి వచ్చి ఒకసారి చూసిపో."

"నెలకోసారి వచ్చేది చుట్టం అమ్మా, పనిమనిషి కాదు. చుట్టరికాలకి నాకు తీరిక లేదు."

"కోపమొచ్చిందా?"

"రాకూడదా?"

వదిన కర్రను ముక్కలుగా విప్పి కట్టకట్టి భుజాన వేసుకుంది.

తిరిగి వెళ్లేటప్పుడు మరిది స్కూటరు వెనక కూర్చుంది. అమ్ముడుపోని తాబేలు పెట్టె ఒళ్లో ఉంది. బరువుకు తొడలు తిమ్మిరెక్కుతున్నాయి.

"బరువుగా ఉందా?" అన్నాడు మరిది చివరికి.

"ముందు చూసి నడుపు."

"వదినా, ఇందాక నేనన్న మాట..."

"అన్నావు. అయిపోయింది. ఉద్యోగం నిలబడిందిగా, మొహం వేలాడేసుకుంటే ఎవరికి లాభం? సోమవారం ఏ ఇంటికి?"

"మూలమీద ఇల్లు. డాక్టరుగారిది. పక్కింటావిడ అక్కడి నుంచే వాళ్లకి ఫోన్ చేసి చెప్పేసింది, వాళ్లకీ పీత కావాలట."

"ఆ ఇంట్లో కొలను చూసేదెవరో తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?"

"నాకు తెలుసు. మిషను దించకముందు ఆవిడ ఇంటికి వెళ్లు. ఏం తెస్తున్నావో నీ నోటితో చెప్పు. ఆవిడ ఇంకో పని చూసుకుంటుందో, వెళ్లి పోట్లాడుతుందో, నలుగుర్నీ పోగేస్తుందో, ఆవిడిష్టం. తెల్లారి వెళ్లేసరికి తన చోట్లో మిషను తిరుగుతుంటే చూడకూడదు. అంతే."

"షాపువాళ్లకి తెలిస్తే ఊరుకుంటారా?"

"ఊరుకోరు. నాకు మాత్రం ముందే చెప్పావుగా, పొయ్యి దగ్గర కూర్చుని. ఆవిడకి మరిది లేడనా చెప్పకుండా పోతావు?"

స్కూటరు కూడలి దాకా వెళ్లింది. ఎర్రలైటు పడింది. వాళ్ల ఇంటికి ఎడమకు తిరగాలి. లైటు పచ్చగా మారాక కూడా అతను కదల్లేదు, వెనకవాళ్లు హారన్లు కొడుతున్నారు.

"ఆవిడ ఇల్లెక్కడ?" అని అడిగాడు.

వదిన ఒళ్లో పెట్టెను గట్టిగా పట్టుకుంది.

"కుడికి తిప్పు," అంది.